అమరదాదు చేసిన డ్రమ్ము

(దేవరకొండలో, 1966 జనవరిలో, ప్రభుత్వోద్యోగి, కోట చరిత్ర సంఘం కార్యదర్శి అయిన కామేశ్వరరావు గారి ఉద్యోగ విరమణ సందర్భంగా జరిగిన సన్మాన సభలో బ్యాండు మేళం పెద్ద ఇస్రాయేలు మాట్లాడిన మాటలు.)

సభకు పెద్దగ కూసున్న దశరథ గారికి, ఇయ్యాల నౌకరి దిగిపోతున్న మా కామేశ్వరరావు సారుకు, వారి పక్కన కూసున్న నిర్మలమ్మ గారికి, ముందు కుర్చీలల్ల ఉన్న పెద్దమనుషులకు, ఎనక చాపల మీదున్న మా వాడోళ్ళకు, ఇంకా ఎనక కిటికీలు పట్టుకొని ఏలాడుతున్నోళ్ళకు, అందరికి దండాలు. కిటికీలోళ్ళకు రెండు దండాలు. సభ అయిందాక నిజంగ నిలబడేది వాళ్ళే. (నవ్వులు)

నన్ను రెండు ముక్కలు మాట్లాడుమన్నరు. బ్యాండోన్ని ఎవ్వరైనా కొట్టుమంటరు గని మాట్లాడుమనరు. ఏం చేస్తరు, కొడదామంటె డ్రమ్ము లేదాయె. డ్రమ్ము ఏడున్నదో మీకందరికి ఎరికె. గీ గోడకు అవతల, సంఘం గదిల, చుట్టూ తాడు కట్టి, 'ముట్టరాదు' అని అట్ట మీద రాసి పెట్టిన్రు. గది తాళపుచెవి సారు జేబుల ఉన్నది. రేపు పొద్దుగాల సారు బస్సెక్కుతడు, డ్రమ్ము పట్నం మ్యూజియముకు పోయే లారీ ఎక్కుతది. లారీ ఎక్కినంక అది నాకు మల్ల దొరకదు. అందుకని నా ముక్కలు రెండుగాదు, జర ఎక్కువనే అయితయి. దశరథ గారూ, గడియారం దిక్కు చూడకుండ్రి. (నవ్వులు)

ముందుగాల సారు గొప్పతనం చెప్పాలె, అది రివాజు. సారు ఏడేండ్ల కింద గోదావరి దిక్కునుంచి మా ఊరికి వచ్చిండు. వచ్చిన తెల్లారే కోట ఎక్కిండు. మేము పుట్టినకాన్నుంచి ఆ గుట్ట మీద మేకలు కాసినం, సీతాఫలాలు తెంపినం, గని దాని కింద ఇంత చరిత్ర ఉన్నదని మాకెవ్వరికి తోచలే. సారు దిగేటప్పుడు దస్తీల నాలుగు కుండపెంకులు మూటగట్టుకొని దిగిండు. రాజులు అన్నం తిన్న పాత్రలు అన్నడు. అండ్ల ఒక పెంకును చూసి మా నర్సింగమ్మ, "సారూ, గిది ముందటేడు నా చేతిల పలిగిన సల్లకుండ" అన్నది. సారేమన్నడు? "నీకు తెలీదమ్మా. ఆరు వందల ఏళ్ళ నాటి సంగతి నీకెలా గుర్తుంటుంది?" అన్నడు.

(నవ్వులు. వెనక నుంచి నర్సింగమ్మ: "కుండ పోతె పోయింది, ఆ పెంకన్న ఇయ్యుమను, కోళ్ళకు నీళ్ళు పోస్త!")

వింటున్నరు గద సార్. మీరు లేకపోతె ఆమె కోళ్ళు రాజుల పాత్రల నీళ్ళు తాగుతుండె.

ఇగ డ్రమ్ము సంగతి. తెల్వనోళ్ళకు చెప్త. అది ఒక్కటి గాదు, సెట్టు. ఒక పెద్ద డ్రమ్ము, ముందట పెడల్ ఉంటది, కాలితోని తొక్కితె మోగుతది. ఒక చిన్న డ్రమ్ము, పుల్లలతోని కొట్టేది. పక్కన రెండు ఇత్తడి తాళాలు, ఒక ఇనుప గంట. ఒక్కడు కూసోని నలుగురి చప్పుడు చెయ్యొచ్చు. ఊరేగింపుల అయితె దాన్ని ఎద్దులబండి మీద పెట్టి కొట్టుకుంట పోతం. మా బాపు పెద్దులు సికింద్రాబాదుల దొరల క్లబ్బుల బూట్లు తుడిచేటోడు. దొరలు కొత్త సెట్టు తెప్పించుకొని పాతదాన్ని మూలకు పడేస్తె, జీతానికి బదులు అదే ఇయ్యుమని అడుక్కొని బండి మీద ఇంటికి తెచ్చిండు. మా అమ్మ ఆ దినం ఆయనను గడప లోపలికి రానియ్యలే. "జీతమేది?" అంటె "గిదే" అన్నడు. "గిది తింటమా?" అంటె "కొట్టుకొని తింటం" అన్నడు. ముప్పై ఆరేండ్లు కొట్టుకొనే తిన్నం.

మా ఇంట్ల ఒక పద్ధతి ఉన్నది. డ్రమ్ముకు కొత్త తోలు ఎక్కించేటప్పుడు, మూసే ముందట, లోపలి చెక్క మీద పెన్సిలుతోని రాస్తం. ఎవరు కట్టిన్రు, ఏ నెల, ఏ సాలు. తోలు ఎన్నేండ్లు ఆగిందో ఎరుక కావాలె గద, లేకపోతె మంచి తోలు ఏదో, మోసపు తోలు ఏదో తెలువది. మూసినంక ఆ రాత చీకట్ల పడుంటది. మల్ల తోలు పలిగినప్పుడే దానికి వెలుగు.

రెండేండ్ల కింద పెండ్లి ఊరేగింపుల, గీ బజార్లనే, పెద్ద డ్రమ్ము తోలు పలిగింది. సారు అప్పుడే ఆఫీసు మెట్లు దిగుతుండు. దస్తీ చేతికి చుట్టుకొని, వంగి, లోపలికి తొంగిచూసిండు. "ఏవయ్యా, లోపల శాసనం ఉందే!" అన్నడు. పట్టపగలు టార్చిలైటు తెప్పించిండు. పెండ్లికొడుకు గుర్రం మీద అట్లనే ఉన్నడు, గుర్రం నిలబడే నిద్రపోయింది. (నవ్వులు)

లోపల ఏమున్నదంటె, 'పెద్దులు కట్టిన. అమర్దాద్ 1337.' దాని కింద, 'పెద్దులు కట్టిన. ఆజర్ 1349.' దాని కింద నేను కట్టినప్పుడు రాసుకున్నది, 'ఇస్రాయేలు, 1955.' మూడు రాతలు.

సారు తాపకు ఒక్క అక్షరం చదివిండు. చదువుతుంటె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నేను మా బాపును తలుసుకొని ఏడుస్తుండు గావచ్చు అనుకున్న. (నవ్వులు) ఆ దినమే సెట్టంత సంఘం గదికి మోయించి, వారం దినాలకు సంఘంల చదివి వినిపించిండు. కోట కట్టిన రాజుల కాలం సరిగ్గ అదేనట. 'పెద్దులు' గాదట, 'పెద్దలు' అట. రాజు దగ్గరి పెద్దలు. మా బాపు కొమ్ము అట్ల పోయింది. పెద్దలు చెప్తె కట్టినోడు అమరదాదు అనే మహా శిల్పి. పన్నెండేండ్లకు దాన్ని బాగుచేసినోడు ఆయన శిష్యుడు ఆజరుడు. మరి 1955 ఏంది సార్ అని అడిగిన. "ఎవడో అల్లరి వెధవ రాశాడయ్యా" అన్నడు. తడిగుడ్డతోని తుడిచేసిండు. ఆ అల్లరోడు ఇయ్యాల మీ ముందట మైకు పట్టుకొని ఉన్నడు.

(నవ్వులు, చప్పట్లు)

చప్పట్లు ఆపుండ్రి. డ్రమ్ము వయసు ఎట్ల కట్టిన్రో వినుండ్రి, మీ ఇండ్లల్ల పాత సామాన్లుంటె అక్కరకొస్తది. మొదలు చెక్కను వాసన చూడాలె. సారు చూసి "గంధపు చెక్క" అన్నడు. అది నా పెండ్లాం ఈదమ్మ పురుగు పట్టకుండ పూసిన యాపనూనె. తరువాత ఇత్తడి బిళ్ళ చూడాలె. దాని మీద కంపెనీ పేరు ఇంగ్లీషు అక్షరాలల్ల ఉండె, అరిగిపోయింది. సారు అద్దం పెట్టి చూసి "ఇవి లతలు" అన్నడు. తరువాత తోలు బిగించే మరలు. "చూశారా, ఆనాడే మనవాళ్ళకి మరలు తెలుసు" అన్నడు, దశరథ గారు తలకాయ ఊపిండు. ఆఖరుకు పెడల్. అది రాజుగారి పాదపీఠం అన్నడు. నాకు నోరు ఆగలే. "పాదపీఠానికి స్ప్రింగు ఎందుకు సార్?" అన్న. "రాజులు సుకుమారులయ్యా" అన్నడు.

(చాలాసేపు నవ్వులు. కామేశ్వరరావు గారు కూడా కొద్దిగా నవ్వారు.)

మరి మేమెట్ల చూస్తమంటరా? మాకు చదువు తక్కువ గనుక చెయ్యి పెట్టి చూస్తం. పెడల్ మొన తగిలి తగిలి పడ్డ గుంత ఎంత లోతున్నదో చూస్తం. అంచు మీద పుల్లలు తాకి ఎక్కడెక్కడ అరిగిందో చూస్తం. మరను తిప్పితె ఒక్క పట్టున వస్తదా, గింజుకుంటదా అని చూస్తం. ఆ చూపుల అది మా బాపు తెచ్చేటప్పటికే పది పన్నెండేండ్లు దొరల చేతుల దెబ్బలు తిన్న డ్రమ్ము. అంటె ఇప్పటికి యాభై. నాకంటె రెండు మూడేండ్లు చిన్నది. విలువ సంగతంటరా, గోటితోని అంచు మీద తట్టి, చెవి పెట్టి, అది ఇంకా ఎన్ని పెండ్లిండ్లు మోస్తదో వినాలె. అదే విలువ. సారు డ్రమ్మును చూసిండు, కొలిచిండు, ఫోటో తీయించిండు. దస్తీ అడ్డం లేకుండ తోలును మాత్రం ముట్టలే. ఎందుకు ముట్టలేదో నేను అడగలే. మా వాడోళ్ళు అసుమంటివి అడగరు.



అప్పుడే చెప్పిన. దాచలే. ఆఫీసుకు పోయి నిలబడి చెప్పిన. "సార్, అమర్దాద్ అంటె మనిషి గాదు, నెల. నైజాం సర్కారు లెక్కల జూన్ నెల. ఆజర్ కూడ నెలనే, అక్టోబరు. 1337 అంటె ఫసలీ సాలు. దానికి అయిదు వందల తొంభై ఒకటి కలుపుండ్రి, 1928 వస్తది. మా పట్టాలు, రసీదులు అన్ని గదే లెక్కల ఉంటయి, మీ ఆఫీసు బీరువ తీసి చూడుండ్రి" అన్న. సారు కండ్లజోడు తీసి అడిగిండు, "అయితే ఇది ఎవరు రాశారంటావు?" "మొదటి రెండు రాతలు నేనే సార్. మా బాపుకు అక్షరం రాదు. ఆయన చెప్తె రాసిన. మొదటిదానికి పదిహేనేండ్ల వయసు, మిషన్ బడిల నాలుగో తరగతి దాక చదివిన" అన్న. సారు నన్ను కింది నుంచి మీదికి చూసిండు. "అంత ముత్యాల్లాంటి అక్షరాలు నీవెలా అవుతాయయ్యా?" అన్నడు.

నా జన్మల నా రాతను మెచ్చుకున్నది ఒక్క కామేశ్వరరావు సారే. అది నాది కాదని చెప్పడానికి మెచ్చుకున్నడు.

సారును అనడానికి ఏమున్నది? ఆయన ఇక్కడోడు గాదు. నైజాం నెలలు ఆయన ఎన్నడు వినలే. మరి మీరు? (హాలు వైపు తిరిగి) గీ హాల్ల నలభై దాటినోళ్ళు చేతులెత్తుండ్రి. ఎత్తరు. ఎత్తితె అమర్దాద్ అంటె ఏందో చెప్పాలె. మీరందరు అమర్దాద్ల దుక్కులు దున్నినోళ్ళే, అమర్దాద్ల బడికి పోయినోళ్ళే. దశరథ గారూ, మీ లగ్గమైంది అమర్దాద్ల. ఆ ఊరేగింపుల కొట్టింది మా బాపు. గీ డ్రమ్మే. మీకు యాదిలేదా?

(దశరథ గారు: "యాది ఉన్నదిరా ఇస్రాయేలు. యాదెందుకుండది.")

ఉన్నది గద. మరి ఒక్కరు నోరిప్పలే. ఎందుకంటె పేపర్ల ఊరి పేరు పడ్డది. ఫోటో పడ్డది. ఫోటోల ముందట మీరు, ఎనక డ్రమ్ము. అమరదాదు పుట్టిన ఊరు అని జడ్చర్ల దాక చెప్పుకున్నరు. మేము అదే హాలుకు ఎప్పుడొచ్చినా చాపల మీద కూసుంటం, మా డ్రమ్ము మాత్రం తాడు లోపల దొరలెక్క కూసున్నది. రాజులది అన్నంతసేపు అది లోపల ఉంటది. పెద్దులుది అన్న గడియ బయటికి వస్తది. నాక్కావాల్సింది కూడ గదే. బయటికి రావాలె.

రెండేండ్లు, నాలుగు లగ్గాల పంటలు పోయినయి. మాది ఏడు ఇండ్ల మేళం. డ్రమ్ము లేని మేళాన్ని ఎవరు పిలుస్తరు? జడ్చర్ల మేళమోళ్ళు మైకు పెట్టుకొని వస్తున్నరు, పిలుపులన్ని వాళ్ళకే. క్లారినెట్ ఊదే సాయిలు సాగర్ కట్ట మీద మట్టితట్ట మోస్తున్నడు. ఆ పెదవులు చూసిన్రా, ఎండకు పలిగిపోయినయి. ఇగ ఊదుతడో లేదో నాకు తెల్వదు. ఇంకో వారంల మాఘం వస్తది. ఈ మాఘానికి డ్రమ్ము రాకపోతె ఎనకటి మేళం లేదు, నేను లేను. కొత్త సెట్టు కొనేటోళ్ళమైతె మీ ముందట గిట్ల ఒర్రేటోన్ని గాదు.

వాపసు ఇయ్యుమని ఎన్నిసార్లు తిరిగిన్నో నిర్మలమ్మ గారికి ఎరికె, చాయ పోసి పోసి ఆమె చేతులు నొచ్చినయి. సారు సంఘం సామాన్ల పుస్తకం తీసేటోడు. "వస్తువు బయటికి పోవాలంటే దాని విలువకి సరిపడా పూచీకత్తు రాయాలి" అనేటోడు. "రాస్త సార్" అనేటోన్ని. "ఎంతకి రాస్తావు? ఇక్కడ విలువ దగ్గర 'అమూల్యం' అని ఉంది. అమూల్యానికి పూచీకత్తు రాయలేం." "అయితె ఒక విలువ ఏసుండ్రి సార్." "వేస్తే అమూల్యం కాకుండా పోతుందయ్యా." గిది నెలకొకసారి, రెండేండ్లు. ఒకనాడు ఇంటికి పోయి ఈదమ్మను అడిగిన, అమూల్యమంటె ఏందే అని. "దానికి మూల్యం లేదని. నీలెక్కనే" అన్నది.

(నవ్వులు. ఈదమ్మ చాప మీద నుంచి: "నీకేం తక్కువ, ఇంట్ల కూసోవెట్టి సూసుకుంటున్న గద!")

చూసిన్రు గద, నాకు ముట్టరాదని అట్ట కట్టలే, అంతే ఫరకు. (నవ్వులు)

సార్. ఇగ మీతోనే మాట్లాడుత. మీరు తప్పు చేసిన్రని రాసియ్యుమని అడుగుతలేను. ఆరు వందల మంది ముందట అసుమంటి మాట అడుగుడు మర్యాద గాదు. మీరు రాసింది ఒక్క అక్షరం కొట్టెయ్యకుండ్రి. పుస్తకంల 1337 అని ఉన్నది గద, దాని పక్కన ఒక్క మాట రాయుండ్రి. ఫసలీ. అంతే. అంకె మీదే, అక్షరాలు మీవే, ఒక్క మాట ఎక్కువ. నూరేండ్లు దాటితెనే ప్రాచీనం అని మీరే చెప్పిన్రు. ఆ ఒక్క మాటతోని అది ప్రాచీనం గాకుండ పోతది, అమూల్యం గాకుండ పోతది, ఉత్త డ్రమ్ము అయితది. ఇయ్యాల పొద్దు గూకేదాక కలం మీ చేతిల ఉన్నది. రేపు మీరు రాద్దామన్నా ఎవరు రాయనియ్యరు.

(కామేశ్వరరావు గారు తలవంచుకుని కూర్చున్నారు. నిర్మలమ్మ గారు: "రాసిచ్చెయ్యండి. రెండేళ్ళుగా ఇంట్లో నాకూ ఆ అమరదాదు గొడవే.")

అమ్మా, మీకు దండం.

(దశరథ గారు బల్ల మీది పుస్తకాన్ని కామేశ్వరరావు గారి ముందుకు జరిపారు. కామేశ్వరరావు గారు కలం తీశారు. రాస్తూ ఆగి, "ఫ-కి ఒత్తుందా?" అని అడిగారు.)

ఉన్నది సార్. కింద చీలిక పెట్టుండ్రి. నాలుగో తరగతిల నేర్పిన్రు. ఆ... గట్ల. ముత్యం లెక్క ఉన్నది.

(నవ్వులు. కామేశ్వరరావు గారు సంతకం చేసి, దశరథ గారి చేత సాక్షి సంతకం చేయించి, తాళపుచెవి ఇస్రాయేలు చేతికిచ్చారు. తర్వాత ఏదో మెల్లగా అన్నారు.)

సారు అడుగుతున్నడు, మైకుల పడలే, నేను చెప్త. "ఒక్కసారి కొట్టి వినిపిస్తావా ఇస్రాయేలూ?" అంటున్నడు.

సార్... రెండేండ్లు అది మీ కుర్చీకి నాలుగు అడుగుల దూరంల ఉండె. వయసు చూసిన్రు, విలువ చూసిన్రు. ఎట్ల మోగుతదో అడిగింది ఇయ్యాలనే. తోలు పలిగిన కాన్నే ఉన్నది, మార్చనియ్యలేదు గద, ప్రాచీనం చెడిపోతదని. కొత్త తోలు నానవెయ్యాలె, గుంజాలె, నీడల ఆరాలె. ఎనిమిది దినాల పని. మీ బస్సు రేపు పొద్దుగాల. మీకు వినిపించలేను. ఇందాకటి నుంచి ఎన్ని అన్ననో అన్ని నవ్వులాటకే అన్న, గిది మాత్రం నవ్వులాటకు గాదు. వినకుండ పోతున్నరు, అదొక్కటి నాకు మనసుల కలుక్కుమంటున్నది.

పెద్దలకు, సారుకు, అమ్మగారికి, చాయ పోసినోళ్ళకు, దండలు కట్టినోళ్ళకు, నా మాటలు పడ్డోళ్ళకు శరణు. సభ మీరు నడుపుకోండ్రి, నేను గోడ అవతలికి పోతున్న. పొద్దు ఉండంగనే తోలు నానవెయ్యాలె. సెలవు.